కాపరి జాబు: ప్రిటోరియా పట్టణములో నాలుగు దినములు



గత నెల ఈ జాబు ఎందుకు రాలేదని గిద్దలూరు వైపు నుండి ఇద్దరు, మార్కాపురము నుండి ఒకరు ఫోను చేసి అడిగారు. మేము ఊళ్ళో లేము. నల్లమల కొండలు దాటి వెళ్ళడమే పెద్ద ప్రయాణముగా ఎంచుకునే మేము ఈసారి సముద్రము దాటి, ఆఫ్రికా ఖండము అడుగున ఉన్న దక్షిణాఫ్రికా దేశపు రాజధాని ప్రిటోరియాకు వెళ్ళి వచ్చాము.

మా సంఘస్థుల కుమారుడు ఒకరు ఆ పట్టణానికి ఆనుకొని ఉన్న సెంచూరియన్‌లో కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. పెండ్లి అయిన తొమ్మిదేండ్లకు దేవుడు వారికి ఒక ఆడబిడ్డను ఇచ్చాడు. "మాకు పెండ్లి చేసిన అయ్యగారే వచ్చి మా పాపను ప్రభువుకు ప్రతిష్ఠించాలి" అని ఆ పిల్లలిద్దరూ పట్టుబట్టి టిక్కెట్టు పంపించారు. కాదనలేకపోయాము.

బయలుదేరే ముందు జరిగిన ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా సంఘములో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వివాహము చేసుకోగోరి మా వద్దకు వచ్చారు. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే, యౌవనస్థుల కూటములో పాటలు నేర్పేవారే. ఒకరిది తూర్పు పేట, ఒకరిది పడమటి పేట. పేటలు వేరు అంటే ఏమిటో మన చదువరులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రమే పెద్దలు నలుగురు వచ్చి, "అయ్యగారూ, మాకైతే ఏమీ అభ్యంతరము లేదు. కాని ముసలివాళ్ళు నొచ్చుకుంటారు. సంఘము రెండు ముక్కలవుతుంది. మీరు ఊ అనకండి" అన్నారు. మేము ఊ అనలేదు, కాదు అని కూడా అనలేదు. "తిరిగి వచ్చాక చూద్దాం లెండి" అన్నాము. విమానము టిక్కెట్టు మాకు మంచి సాకు అయింది.

ఊరంతా తలా ఒక మాట చెప్పి సాగనంపారు. "అక్కడంతా అడవి అట గదా" అని ఒకరు, "తిండి దొరుకుతుందా" అని ఒకరు. సండే స్కూలు పిల్లవాడు ఒకడు, "అయ్యగారూ, సింహాన్ని చూసి వచ్చి చెప్పండి" అన్నాడు. ఇచ్చేవారికి ఇవ్వడానికి మా దగ్గర ఏముంది? మార్కాపురము పలకలు నాలుగు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాము.

హైదరాబాదులో విమానము ఎక్కి, దుబాయిలో మారి, జొహాన్నెస్‌బర్గులో దిగాము. అక్కడి గడియారము మన గడియారము కంటే మూడున్నర గంటలు వెనుక. మనకు జూలై నెల అంటే ఉక్కపోత, వానకోసం ఎదురుచూపు. వారికి అది నడి చలికాలము. ప్రిటోరియా సముద్రమట్టానికి నాలుగువేల అడుగులకు పైగా ఎత్తున ఉంది. తెల్లవారుజామున బయటికి వస్తే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకొని కనిపించింది. మేము తీసుకువెళ్ళిన శాలువ ఏ మూలకూ చాలలేదు. ఆ అబ్బాయి తన కోటు మాకు తొడిగాడు. చేతులు రెండు అంగుళాలు పొడుగైనా దానితోనే నాలుగు దినములు గడిపాము.

ఆ దేశానికి మూడు రాజధానులు. పరిపాలన ప్రిటోరియాలో, పార్లమెంటు కేప్‌టౌన్‌లో, అప్పీలు న్యాయస్థానము బ్లూమ్‌ఫోంటైన్‌లో. ప్రిటోరియా 1855లో ఏర్పడిన పట్టణము. హాలెండు దేశము నుండి తరతరాల క్రితము వచ్చి స్థిరపడిన తెల్లవారి సంతతి దీనిని కట్టుకున్నది. వీధుల వెంట వేలకొలది జకరండా చెట్లు ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో పట్టణమంతా ఊదారంగు పూలతో నిండిపోతుందట. మేము వెళ్ళిన ఋతువులో పూలు లేవు. రోడ్లు వెడల్పు, బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. కాని ఇండ్ల చుట్టూ ఎత్తయిన గోడలు, గోడల మీద కరెంటు తీగలు. చీకటి పడితే నడచి వెళ్ళవద్దని మాకు పదేపదే చెప్పారు. పట్టణము బాగున్నది. దాని భయము కూడా కంటికి కనిపిస్తూనే ఉన్నది.

తిండికి మాకు ఏ లోటూ రాలేదు. అక్కడి సామాన్య జనము తినేది మొక్కజొన్న పిండితో వండిన గట్టి సంకటి. దానిని 'పాప్' అంటారు. చేతితో ముద్ద చేసుకొని కూరలో అద్దుకుని తింటారు. జొన్న సంకటి తిని పెరిగిన మాకు అది కొత్త భోజనమని అనిపించనే లేదు. రోడ్డు ప్రక్క బల్ల మీద వడ్డించిన నల్లజాతి తల్లి, మేము చేతితో తినడము చూసి నవ్వి, అడగకుండానే ఇంకొక ముద్ద వేసింది.

రెండవ దినమున పట్టణము నడిబొడ్డుకు వెళ్ళాము. పూర్వము అక్కడ దేవాలయము ఉండేది గనుక ఆ స్థలాన్ని చర్చి స్క్వేర్ అంటారు. ఇప్పుడు నడుమ పాల్ క్రూగర్ అనే పూర్వపు అధ్యక్షుని విగ్రహము ఉన్నది. ఒక ప్రక్క న్యాయస్థాన భవనము. 1964 జూన్‌లో నెల్సన్ మండేలాకు, ఆయనతోటి ఏడుగురికి యావజ్జీవ శిక్ష విధించింది అక్కడే. ఆ ఎనిమిది మందిలో అహ్మద్ కత్రాడా అనే భారత సంతతివాడు కూడా ఉన్నాడు. మండేలా మొత్తము ఇరవై ఏడేండ్లు చెరలో ఉండి 1990 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు.

అక్కడికి దగ్గరలోనే క్రూగర్ నివసించిన ఇల్లు ఉంది. అధ్యక్షుని ఇల్లు అంటే కోట అనుకుంటాము. అది వరండా ఉన్న సాదా ఇల్లు. గుమ్మానికి రెండు వైపులా రెండు రాతి సింహాలు. సండే స్కూలు పిల్లవాడికి చెప్పడానికి మాకు దొరికిన సింహాలు అవే.

మన గాంధీగారు 1893లో ఒక వ్యాపారి దావా పని మీద ఈ పట్టణానికే వచ్చారు. వచ్చే దారిలోనే పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో ఆయనను రైలు నుండి దింపివేసిన సంగతి అందరికీ తెలుసు. ప్రిటోరియాలో జరిగినది తక్కువమందికి తెలుసు. ఆ రోజుల్లో భారతీయుడు కాలిబాట మీద నడవకూడదు, రాత్రి తొమ్మిది దాటితే అనుమతి చీటీ లేకుండా తిరగకూడదు. ఒకనాడు క్రూగర్ ఇంటి ముందుగా నడుస్తుండగా కావలివాడు మాట కూడా చెప్పకుండా గాంధీగారిని తోసి, తన్ని, వీధిలో పడవేశాడు. గుర్రము మీద అటు వస్తున్న కోట్సు అనే తెల్ల క్రైస్తవుడు అది చూసి, "కోర్టుకు వెళ్ళండి, నేను సాక్ష్యము చెబుతాను" అన్నాడు. సొంత బాధ కొరకు తాను కోర్టుకు ఎక్కనని గాంధీగారు అన్నారు. మేము ఆ కాలిబాట మీద నడిచాము. ఎవరూ ఏమీ అనలేదు. అడుగులు మాత్రము మెల్లగా పడ్డాయి.

సాయంత్రము యూనియన్ బిల్డింగ్స్ అనే ప్రభుత్వ భవనము చూశాము. గుట్ట మీద కట్టినది, 1913లో పూర్తయింది. 1956 ఆగస్టు 9న సుమారు ఇరవై వేలమంది స్త్రీలు ఇక్కడికి నడిచి వచ్చారు. నల్లజాతివారు ఎక్కడికి వెళ్ళినా జేబులో పాసు పెట్టుకోవాలనే చట్టము వద్దని అడగడానికి వారు వచ్చారు. కొందరు తల్లులు బిడ్డలను వీపున కట్టుకొని వచ్చారు. అదే భవనము ముందు 1994 మే 10న మండేలా అధ్యక్షునిగా ప్రమాణము చేశాడు. ఇప్పుడు అక్కడ ముప్పై అడుగుల మండేలా కంచు విగ్రహము ఉన్నది. రెండు చేతులూ చాచి నిలబడి ఉంటాడు. ఆయన పాదాల దగ్గర నిలబడి మేము కూడా ఫోటో తీయించుకున్నాము.

మూడవ దినమున లాడియమ్ వెళ్ళాము. మాకు ఆ ప్రయాణమంతటిలో మరువరానిది ఈ దినమే.

లాడియమ్ పట్టణానికి పడమటి వైపున ఉన్న పేట. అది భారతీయుల కొరకు ప్రత్యేకించిన పేట. 1950లో ఆ ప్రభుత్వము ఒక చట్టము చేసి, ఏ రంగువారు ఎక్కడ కాపురము ఉండాలో గీతలు గీసింది. నల్లవారికి మామెలోడి, అట్రిడ్జ్‌విల్. మిశ్రమ సంతతివారికి ఈర్స్టరస్ట్. భారతీయులకు లాడియమ్. అంతకుముందు వారిలో చాలామంది పట్టణము ప్రక్కనే మరబస్తాద్ అనే బజారు పేటలో ఉండేవారు. అక్కడినుండి వారిని ఖాళీ చేయించారు.

ఆ అబ్బాయికి తెలిసిన ఒక పెద్దావిడ ఇంటికి మమ్ములను తీసుకువెళ్ళాడు. ఎనభై దాటినవారు, మన తెలుగు సంతతి. వారి ముత్తాత చెరకు తోటల కూలికి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలుకు వచ్చాడట. అట్టి మొదటి ఓడ, పేరు ట్రూరో, 1860 నవంబరు 16న మద్రాసు నుండి డర్బను చేరింది. 1911 వరకు సుమారు లక్షా యాభై రెండు వేలమంది అలా వెళ్ళారు. అయిదేండ్ల ఒప్పందము, మొదట నెలకు పది షిల్లింగుల కూలి. వారిలో తెలుగువారు చాలామంది. ఆ తెలుగువారి ఆత్మీయ క్షేమము కొరకే మన నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు మిషనరీగా పంపించాయి. దొరలు మన దగ్గరకు మిషనరీలుగా రావడము మనకు తెలుసు. మన పేద సంఘములు చందాలు వేసుకొని పరదేశానికి మిషనరీని పంపిన సంగతి మన పిల్లలకు చెప్పామా?

ఆవిడకు తెలుగు రాదు. అవ్వ, తాత, అన్నము, రా, పో అనే మాటలు మాత్రమే మిగిలాయి. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాము. మేము పలక ఇవ్వగానే ఆవిడ దానిని రెండు చేతులతో పట్టుకొని, వేలితో నిమిరి, "మరబస్తాద్ బడిలో మేము ఉమ్మి వేసి తుడిచేవాళ్ళము, టీచరు కొట్టేది" అని చిన్నపిల్లలా నవ్వారు. మేము కూడా అంతేనని చెప్పాము.

టీ త్రాగుతూ ఆవిడ తన అన్న సంగతి చెప్పారు. ఆయన మిశ్రమ సంతతికి చెందిన ఒక అమ్మాయిని ప్రేమించాడు. ఇద్దరూ ఒకే దేవాలయములో పాడేవారు. 1949లో చేసిన చట్టము తెల్లవారికి ఇతరులకు మధ్య వివాహమును నిషేధించింది. వీరిద్దరిలో ఎవరూ తెల్లవారు కారు గనుక ఆ చట్టము వీరిని అడ్డగించలేదు. కాని పేటల చట్టము ఉన్నది. పెండ్లి అయితే ఇద్దరూ ఏ పేటలో ఉండాలి? అంతకంటే ముందు రెండు ఇండ్లవారూ ఒప్పుకోలేదు. "మా నాన్న ప్రభుత్వాన్ని తిట్టేవాడు. ఇంట్లో మాత్రము ప్రభుత్వము మాటే మాట్లాడాడు" అన్నారు ఆవిడ. వారిద్దరూ ఇంగ్లాండుకు వెళ్ళిపోయారు. తండ్రి చనిపోయినప్పుడు కూడా ఆ అన్న రాలేదు.

కొంతసేపు ఊరక ఉండి ఆవిడ మమ్ములను అడిగారు: "మీ దేశములో ఇటువంటి చట్టము లేదు కదా, పాస్టరుగారూ?"

"లేదమ్మా" అన్నాము. అది అబద్ధము కాదు. మన రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది. దాని 17వ అధికరణము అంటరానితనాన్ని నిషేధించింది. వారు మనుష్యులను పేటలుగా విడదీసే చట్టము చేసిన ఏడాదే మనము ఆ గోడను చట్టము ద్వారా తీసివేశాము. అయితే టీ కప్పు మా చేతిలో బరువుగా తోచింది. తూర్పు పేట, పడమటి పేట గుర్తుకు వచ్చాయి. ఏ ప్రభుత్వమూ చెప్పకుండానే మన ఊళ్ళలో ఆ పేటలు ఉన్నాయి. "తిరిగి వచ్చాక చూద్దాం" అన్న మా మాట కూడా గుర్తుకు వచ్చింది.

నాలుగవ దినము ఆదివారము. సెంచూరియన్‌లోని దేవాలయములో అన్ని రంగులవారూ కలిసి కూర్చున్నారు. పాపను చేతులలోకి తీసుకొని ప్రార్థించాము. పాప మా కోటు గుండీ పట్టుకొని వదలలేదు. ఆరాధన తరువాత టీ సమయములో, పనినుండి విశ్రమించిన ఒక తెల్ల పాదిరిగారు మా ప్రక్కకు వచ్చి కూర్చున్నారు. వారిది డచ్ రిఫార్మ్‌డ్ సంఘము. జాతులను విడదీసిన ఆ ప్రభుత్వానికి లేఖనముల పేరు మీద మద్దతు ఇచ్చిన సంఘమది. ఆ సంగతి వారే ముందు ఎత్తారు.

వారు చెప్పినది ఇది. తొలి దినములలో వారి సంఘములో ఏ రంగువారైనా ఒకే బల్ల వద్ద ప్రభువు సంస్కారము తీసుకొనేవారు. కొందరు తెల్లవారికి అది ఇష్టము లేదు. 1857లో కేప్ ప్రాంతపు మహాసభ కూడి, కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, కొందరి బలహీనతను బట్టి వేరు కూటములు పెట్టుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. ఎవరినీ నొప్పించకూడదని చేసిన సర్దుబాటు అది. 1881 నాటికి మిశ్రమ సంతతివారికి వేరే సంఘమే ఏర్పడింది. తొంబై ఏండ్లు గడిచేసరికి ఆ బలహీనతే దేశానికి చట్టమయింది. "మేము ద్వేషముతో మొదలు పెట్టలేదు, సోదరా. మర్యాదతో మొదలు పెట్టాము" అన్నారు ఆ పాదిరిగారు.

వివాహ నిషేధ చట్టము 1985లో రద్దయింది. 1990 నవంబరులో ప్రిటోరియాకు పడమట ఉన్న రస్టెన్‌బర్గులో సంఘములన్నీ కూడినప్పుడు, విల్లీ యోంకర్ అనే వేదాంత ఆచార్యులు లేచి, తన తరపున, తన సంఘము తరపున పాపము ఒప్పుకొని క్షమాపణ వేడుకున్నారు. నల్లజాతి ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ లేచి ఆ క్షమాపణను అంగీకరించారు. ఒక సర్దుబాటును దిద్దుకోవడానికి నూటముప్పై మూడేండ్లు పట్టింది.

తిరుగు ప్రయాణములో మాకు నిద్ర పట్టలేదు. మన ప్రాంతపు చరిత్ర ఒకటి మనసులో మెదిలింది. 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చిన తొలి రోజుల్లో, పై కులములవారు కొందరు ఆయన వద్దకు వచ్చి, మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని చెప్పారు. ఎంత ఆశ కలిగించే బేరము! పెద్ద కులములు వస్తే పేరు, పలుకుబడి, బడులు. ఆ దంపతులు విడివిడిగా ప్రార్థించి మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయము తెరిచారని, ఆ బేరమునకు ఒప్పుకోలేదని వ్రాయబడి ఉంది. తరువాత గొప్ప కరువు వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. కేప్‌లో ఇచ్చిన సర్దుబాటును ఒంగోలులో ఇవ్వలేదు గనుకనే ఈనాడు మన సంఘములు ఉన్నాయి. అట్టి సంఘములలో పుట్టిన మనము ఒకరినొకరము చూసి, "నీది ఆ పేట" అంటున్నాము.

ఇంటికి వచ్చిన మరుసటి ఆదివారము మేము ప్రసంగము చెప్పలేదు. జరిగినదంతా సంఘానికి చెప్పాము. "పెద్దలను మేము నిందించము. వారు అడిగింది సర్దుబాటు. ఇచ్చింది మేము. వాయిదా కూడా ఒక తీర్పే అని మాకు ఇప్పుడు తెలిసింది. ఆ పిల్లలిద్దరినీ, మిమ్మును క్షమాపణ అడుగుతున్నాము" అన్నాము. తరువాత ఆ ఇద్దరి పేర్లతో మొదటి వివాహ ప్రకటన చదివాము.

అందరూ సంతోషించారని వ్రాస్తే అది నిజము కాదు. రెండు కుటుంబములు అప్పటినుండి ఆరాధనకు రావడము లేదు. వారి ఇండ్లకు వెళ్ళాము. ఒక ఇంటిలో మంచినీళ్ళు ఇచ్చారు, ఒక ఇంటిలో తలుపు తీయలేదు. మరల వెళతాము. ముందు వచ్చిన నలుగురు పెద్దలలో ఒకరు మాత్రము రెండవ ప్రకటన నాటి సాయంత్రము వచ్చి, "అయ్యగారూ, పందిరి గుంజలు మా చేలో ఉన్నాయి, కొట్టించి పంపుతాను" అని చెప్పి వెళ్ళారు. మూడవ ప్రకటన వచ్చే ఆదివారము.

ప్రియులారా, రాజధాని చూడడానికి వెళ్ళి మేము మా ఊరిని చూసి వచ్చాము. మీ సంఘములో కూడా ఇటువంటి మాట ఏదైనా "తరువాత చూద్దాం" అని అటక మీద పెట్టి ఉంటే దానిని దింపండి. నొచ్చుకునేవారిని ప్రేమించండి, ఓర్చుకోండి, వారి ఇంటికి పదిసార్లు వెళ్ళండి. వారి నొప్పిని మాత్రము సంఘమునకు చట్టముగా చేయకండి.

సింహాన్ని అడిగిన పిల్లవాడికి రాతి సింహాల ఫోటో చూపించాము. "ఇవి కరవవు గదా అయ్యగారూ" అని నిరాశపడ్డాడు. కరిచేవి ఎక్కడ ఉన్నాయో వాడు పెద్దయ్యాక చెబుతాము.

ప్రభువు కృప మీ ఇండ్లకు, మీ సంఘములకు తోడై యుండును గాక.